ఐఎస్ఓ బోర్డు ఉన్న ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్‌కు ప్రభుత్వ గుర్తింపు ఉన్నట్టేనా?

ఉన్నట్టు కాదు, ఐఎస్ఓ 9001 అనే నాణ్యతా ప్రమాణం చెప్పేది సంస్థ నడిచే పద్ధతి గురించే తప్ప అక్కడ నేర్పే కోర్సు గురించి కాదు. నైపుణ్య కోర్సుల గుర్తింపు వ్యవహారం చూసేది కేంద్రం 2018లో ఏర్పాటు చేసిన ఎన్‌సీవీఈటీ (వృత్తి విద్య, శిక్షణల జాతీయ మండలి). అది ఆమోదించిన అర్హతకు, అంటే కోర్సు పూర్తిచేస్తే వచ్చే క్వాలిఫికేషన్‌కు, ఒక కోడ్, పనికి కావాల్సిన జ్ఞానం, నైపుణ్యం, బాధ్యతను బట్టి ఒక ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) లెవెల్ ఉంటాయి. వర్కర్‌కైనా మేనేజర్‌కైనా చూడాల్సింది ఆ రెండే.

హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో పదేళ్లుగా లేత్ మీద పనిచేస్తున్న మనిషినే తీసుకోండి. అతను ఓనమాల నుంచి కోర్సు చేయక్కర్లేదు. ఆర్‌పీఎల్ (ముందే నేర్చుకున్న పనికి గుర్తింపు ఇచ్చే పద్ధతి) కింద అతనికి వచ్చిన పనినే పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు.

సంస్థకు గుర్తింపు ఉంటే అక్కడి కోర్సులన్నిటికీ ఉన్నట్టేనని చాలామంది పొరబడతారు. గుర్తింపు కోర్సుకు విడిగా ఉండాలి. ఫీజు కట్టేముందు కోడ్ అడిగి, ఆమోదం పొందిన అర్హతల జాబితా ఉండే నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ సైట్‌లో వెతకండి. కోడ్ అడిగితే నీళ్లు నములుతున్నారంటే అర్థమైపోయినట్టే.