బంగారం కుదువ పెట్టొద్దు, ముందు ఫోన్ అమ్మాయికి ఇవ్వండి

ప్రశ్న: మాది జనగామ దగ్గర ఊరు. తాపీ పని చేస్తాను. మా అమ్మాయి సర్కారు జూనియర్ కాలేజీలో ఇంటర్ చదివి, ఎప్‌సెట్‌లో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ (కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో కృత్రిమ మేధ బ్రాంచి) సీటు తెచ్చుకుంది. ఇంట్లో కంప్యూటర్ లేదు. ఏఐ చదువుకు లక్ష రూపాయల లాప్‌టాప్ కావాలని కొందరంటున్నారు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్లేమో ట్యాబ్‌తో కలిపి ఏఐ కోర్సు 80 వేలకు ఇస్తామంటున్నారు. మా ఆవిడ బంగారం కుదువ పెడదామనుకుంటున్నాం. రెండింటిలో ఏది మంచిది? ఇప్పటికి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒకటే ఉంది, అది మా అబ్బాయి దగ్గర ఉంటుంది.

జవాబు: రెండూ వద్దు. బంగారం ఇంట్లోనే ఉండనివ్వండి.

కంప్యూటర్ ముందు పెరిగిన పిల్లల పక్కన మా అమ్మాయి తేలిపోతుందేమో అన్నదే మీ అసలు టెన్షన్. అడ్మిషన్ల సమయంలో ఏటా నన్ను అడిగేది ఇదే. ఎప్‌సెట్ రాసేది కంప్యూటర్ మీదే కదా! ఇంట్లో అది లేకుండానే మీ అమ్మాయి సీటు తెచ్చుకుంది. ఏఐ బ్రాంచి పేరులో ఉంది గానీ, మొదటి ఏడాది ప్రధానంగా మ్యాథ్స్, సైన్సు, ప్రోగ్రామింగ్ మొదటి పాఠాలే. టైపింగ్ లాంటివి కాలేజీ ల్యాబ్‌లో కొన్ని నెలల్లో వచ్చేస్తాయి.

ఏఐకి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కావాలన్నది నిజమే. కానీ అది మీ ఇంట్లో ఉండక్కర్లేదు. ఇంటర్నెట్‌లో దొరికే గూగుల్ కొలాబ్ అనే సదుపాయంలో ప్రోగ్రాం రాస్తే అది గూగుల్ కంప్యూటర్ల మీద నడుస్తుంది. పరిమితులున్నా, నేర్చుకునే పిల్లలకు ఆ ఉచిత సదుపాయం సరిపోతుంది. 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే స్టోరేజీ) ఉన్న మామూలు లాప్‌టాప్ చాలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంపెనీలు వాడి తీసేసినవి బాగుచేసి, కొత్తవాటి కంటే చాలా తక్కువకు అమ్ముతారు. తెలిసినవాళ్లను వెంటబెట్టుకెళ్లండి, వారంటీ కాగితం మీద రాయించుకోండి.

ఇంటర్ అయిన పిల్లకు కొన్ని నెలల్లో ఏఐ నేర్పేస్తామంటే నేను నమ్మను. లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ లాంటి మ్యాథ్స్ రాకుండా నేర్పేది ఎవరో రాసిన కోడ్‌ను కాపీ చేయించడమే. అసలు ఈ బ్రాంచి మీదే నాకు అనుమానాలున్నాయి. సెక్షన్లు పెరిగినంత వేగంగా ఆ సబ్జెక్టు చెప్పగల అధ్యాపకులు పెరగలేదు. కాబట్టి మ్యాథ్స్, ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్ (ప్రోగ్రాంలో సమాచారాన్ని అమర్చే పద్ధతులు) గట్టిగా పట్టుకోమనండి. రేపు ఏఐ మోజు తగ్గినా అవి అన్నం పెడతాయి. ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు.

మీరు చివర్లో రాసిన మాట మాత్రం నన్ను బాధపెట్టింది. ఇంజినీరింగ్ సీటు తెచ్చుకున్న పిల్ల పాఠం వినాలంటే ఇంట్లో అబ్బాయిని అడుక్కోవాలా? లక్ష అప్పుకు సిద్ధపడ్డ మీరు, ఉన్న ఫోన్‌ను రోజూ రెండు గంటలు కూతురికి ఇప్పించలేకపోయారు. డబ్బు లేక ఆగినవాళ్లతో పాటు, ఇలా ఇంట్లో ఉన్నదే చేతికి అందక ఆగిపోయిన ఆడపిల్లల్నీ చూశాను. ఇలాగే ఉంటే రేపు కొనే లాప్‌టాప్ కూడా గేములకే పోతుంది. ఈ రాత్రి నుంచే ఫోన్ ఆమెకివ్వండి. లాప్‌టాప్ కొన్నాక పాస్‌వర్డ్ ఆమెకే తెలిసుండాలి.

డబ్బుకు దారి ఉంది. సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్‌ను ఆడపిల్లల కోసమే పెట్టింది. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపుంటే అర్హత, ఎంపికైతే ఏడాదికి 50 వేలు. దాన్ని కంప్యూటర్ కొనడానికీ వాడుకోవచ్చు. ఎంపిక మెరిట్ మీద కాబట్టి తప్పక వస్తుందని చెప్పలేను. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా పెడుతుంటే రెండూ కుదురుతాయో లేదో కాలేజీ ఆఫీసులో ముందే కనుక్కోండి. స్కాలర్‌షిప్ రాకపోతే బ్యాంకు విద్యారుణం ఉంది. కోర్సుకు అవసరమైన కంప్యూటర్ ఖర్చును అందులో కలపమని అడగొచ్చు. మామూలుగా చదువు అయ్యాకే వాయిదాలు మొదలవుతాయి, కాబట్టి దుకాణం ఈఎంఐ కంటే అది నయం. దేనికైనా ఆదాయ ధ్రువపత్రం కావాలి. ఈ వారంలోనే మీసేవకు వెళ్లి దరఖాస్తు పెట్టండి.