డైమ్ కొనే ముందు వెనక్కి తిప్పి చూడు

చి. రవికి,

మామయ్య ఆశీస్సులు. వాట్సాప్‌లో నువ్వు పంపిన డైమ్, అదే అమెరికా పది సెంట్ల నాణెం, ఫోటో చూశాను. 1916 అని ఉంది, రెక్కల టోపీ ఉంది, బొమ్మ బాగానే ఉంది. కానీ పంపింది ఒక్క వైపే. తొమ్మిది వందల డాలర్లు అడుగుతున్నవాడు రెండో వైపు ఎందుకు చూపించలేదో అడిగావా? నువ్వు డబ్బు పెట్టేదే ఆ వెనక వైపున్న ఒక్క అక్షరానికి రా.

ఆ ఏడాది ఈ కొత్త డైములు ఫిలడెల్ఫియా టంకశాలలో 2 కోట్ల 21 లక్షలకు పైగా, శాన్‌ఫ్రాన్సిస్కోలో కోటీ 4 లక్షలకు పైగా కొట్టారు. డెన్వర్‌లో 2,64,000 మాత్రమే. నవంబరులో పావు డాలర్లకు పెద్ద ఆర్డర్ వచ్చిపడింది. డైములు పక్కన పెట్టి ముందు ఆ పని చూడమని డెన్వర్ టంకశాలకు చెప్పారు. మళ్లీ డైముల జోలికొచ్చేసరికి 1917 వచ్చేసింది. అందుకే డెన్వర్ గుర్తు డి ఉన్నది ఎంత అరిగిపోయినా వందల డాలర్లు పలుకుతుంది. అంతే అరిగిన ఫిలడెల్ఫియా డైముకి వెండి విలువ మీద కాస్త వస్తే గొప్ప. ఇంత తేడా ఉన్నచోట దొంగబుద్ధి పుట్టకుండా ఉంటుందా?

అన్నట్టు, అందరూ దీన్ని మెర్క్యురీ డైమ్ అంటారు గానీ ఆ బొమ్మ రెక్కల టోపీ పెట్టుకునే రోమన్ దేవుడు మెర్క్యురీది కాదు, లిబర్టీ అమ్మవారిది. ఆలోచనకు స్వేచ్ఛ ఉండాలని శిల్పి అడాల్ఫ్ వైన్‌మన్ టోపీకి రెక్కలు పెడితే జనం మెర్క్యురీ అనుకున్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

నేనూ ఒకసారి మునిగినవాణ్ణే. చాలా ఏళ్ల కిందట ఒక కాయిన్ షోలో, సాయంత్రం టేబుళ్లు సర్దేసే వేళ, ఒకాయన 'చివరి రేటు' అంటే తొందరపడి ఇలాంటి డి డైముకే ఆరు వందల యాభై డాలర్లు ఇచ్చేశాను. ఇంటికొచ్చి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పట్టి, టేబుల్ లైటు పక్కకు వంచి చూశాను. నాణెం మీద మిగతా అక్షరాలన్నీ నాకిన బెల్లంముక్క అంచుల్లా మెత్తబడి ఉన్నాయి. డి మాత్రం నిన్న కొట్టినట్టు నిటారుగా నిలబడింది. దాని మొదట్లో చుట్టూ వెంట్రుకంత సన్నని గీత. ఫిలడెల్ఫియా డైముకి డి అతికించారన్నమాట. అమ్మినాయన మళ్లీ ఫోన్ ఎత్తలేదు. మీ అత్తయ్యకు రెండేళ్లదాకా చెప్పలేదు.

తూకం వేసి చూస్తే సరిపోతుందనుకోకు. డైమ్ 2.5 గ్రాములు, 90 శాతం వెండి, మిగతాది రాగి. నా దగ్గరున్నదీ సరిగ్గా అంతే తూగింది, ఎందుకంటే నాణెం అసలుదే, అక్షరం ఒక్కటే దొంగది. కాబట్టి అక్షరాన్నే చూడు. వెనక వైపు కర్రల కట్ట బొమ్మకు ఎడమన, అడుగున, ఇంగ్లీషులో వన్ అనే మాట చివరి అక్షరం 'ఇ' పక్కన ఉంటుంది. అసలు డికి మూలల్లో చిన్న కొసలుంటాయి, లోపలి ఖాళీ దాదాపు త్రికోణంలా ఉంటుంది. డెన్వర్‌లో వెనక వైపు బొమ్మ కొట్టడానికి వాడిన ముద్ర అచ్చులు నాలుగే, అంటే డి ఉండగల చోట్లు కూడా నాలుగే. ఆ నాలుగింటి ఫోటోలు దగ్గర పెట్టుకుని పోల్చి చూసుకో. నాణెమంతా అరిగి డి పదునుగా ఉన్నా, డి చుట్టూ గీకినట్టున్నా, రంగు తేడాగా ఉన్నా దండం పెట్టి వచ్చేయ్.

ఇదంతా తలనొప్పి అనిపిస్తే నాణేలు పరీక్షించే కంపెనీలు పిసిజిఎస్ లేదా ఎన్‌జిసి పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసిందే కొను. నీకు నేను చెప్పేది ఇదే. కాస్త ఎక్కువ పడుతుంది, పోనీ. అయితే డబ్బాలకూ నకిలీలు దిగాయి. దాని మీది నంబరు ఆ కంపెనీ సైట్‌లో కొట్టి, ఫోటో ఉంటే నీ చేతిలో ఉన్న నాణెంతో గీత గీతా సరిచూసుకున్నాకే డబ్బివ్వు.

ఇంకోటి. డబ్బా లేకుండా విడిగా కొంటే మాత్రం, మీ అమ్మ పండక్కి వెండి కుంకుమ భరిణె చింతపండు పెట్టి తోమినట్టు దీన్ని తోమకు. నల్లగా ఉంటే నల్లగానే ఉండనీ. మెరిపించావంటే సగం విలువ సింకులో పోసినట్టే. అంచులు పట్టుకునే తీయి. మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకు, కొన్నాళ్లకు పచ్చటి జిగురు పడుతుంది.

ఆ అమ్మేవాణ్ణి ముందు వెనక వైపు ఫోటో పంపమను. నసిగాడంటే బేరం వదిలేయ్. పంపితే శనివారం ఇంటికి రా, నా దొంగ డైమ్ ఇంకా డ్రాయర్‌లోనే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ మామయ్య