ముందు రిజిస్టర్లో పేరు, తర్వాతే బోర్డు మీద పేరు

(హైదరాబాద్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మా శీర్షిక నిర్వాహకురాలు పాఠకుల ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) పూర్తి చేసి కూకట్‌పల్లిలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. మా వీధి చివర ఇంకో ఫిజియోథెరపీ సెంటర్ ఉంది. దాన్ని నడిపే ఆయన ఒకప్పుడు ఎముకల ఆసుపత్రిలో సహాయకుడిగా చేశారట. డిగ్రీ లేదు. నేను సిట్టింగుకు 400 తీసుకుంటే ఆయన 150కే ‘కరెంటు పెడతారు’. జనం అక్కడికే వెళ్తున్నారు. మాకు కూడా కౌన్సిల్, రిజిస్ట్రేషన్ అంటూ చట్టం వచ్చింది కదా, రిజిస్టర్ చేయించుకుంటే నాకు ఒరిగేదేమిటి? పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చా?
– ఒక ఫిజియోథెరపిస్టు, కూకట్‌పల్లి

జవాబు: మీకు ఏం ఒరుగుతుందో తర్వాత చూద్దామమ్మా. ఆ వీధి చివరి సెంటర్లో బల్ల మీద పడుకున్న మనిషికి ఏం ఒరుగుతుందో ముందు చూద్దాం.

నేను సర్వీసులో ఉండగా మల్కాజిగిరి నుంచి ఒక పెద్దాయనను కోడలు ఆటోలో తీసుకొచ్చింది. చాలా ఏళ్లుగా షుగరు. కాళ్ల నొప్పులకు ఇంటి దగ్గర ఎక్కడో వేడి కాపడం పెట్టించుకున్నారు. ఎడమ పిక్క మీద అరచేయంత మేర బొబ్బ పగిలి, చర్మం ఊడి వస్తోంది. “కాలుతుంటే తెలియలేదా మామయ్యా?” అని ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఆయనకు నిజంగానే తెలియలేదు. షుగరు వల్ల ఆ కాలికి స్పర్శ ఎప్పుడో పోయింది. కాపడం పెట్టేముందు ఎవరూ ఆ సంగతి చూడలేదు.

ఎలా చూడాలో మీకు తెలుసు. పాఠకుల కోసం చెబుతున్నాను. రెండు గాజు గొట్టాలు తీసుకుని ఒకదానిలో వేడినీళ్లు, ఒకదానిలో చన్నీళ్లు పోయాలి. రోగిని కళ్లు మూసుకోమని, వరస మార్చి మార్చి చర్మానికి ఆనిస్తూ “ఇది వేడా, చల్లనా?” అని అడగాలి. తడబడితే ఆ చోట వేడి పెట్టకూడదు. మహా అయితే రెండు నిమిషాల పని. అలాగే పేస్‌మేకర్ ఉన్నవారికి షార్ట్‌వేవ్ డయాథర్మీ (ఒంటి లోపల వేడి పుట్టించే మిషన్) పెట్టకూడదు. లోపల లోహపు ప్లేట్లు, స్క్రూలు ఉన్నచోటా పెట్టకూడదు. మిషన్ స్విచ్ వేయడం ఎవరైనా చూసి నేర్చుకుంటారు. ఎవరికి వేయకూడదో తెలుసుకోవడానికే నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్.

ఆ కోడలు వెళ్తూ వెళ్తూ అడిగింది, “మేడమ్, ఆ కాపడం పెట్టినాయన మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి?” అని. డాక్టరైతే మెడికల్ కౌన్సిల్ అని చెప్పేదాన్ని. నర్సయితే నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసిస్టయితే ఫార్మసీ కౌన్సిల్. మా వృత్తికి అప్పట్లో అలాంటి చిరునామా లేదు. పోలీస్ స్టేషన్ ఉంది, వినియోగదారుల కోర్టు ఉంది. డబ్బు ఇప్పించడం, కేసు పెట్టడం వాటి పని. “నువ్వు ఇక రోగి ఒంటి మీద చెయ్యి వేయడానికి వీల్లేదు” అని చెప్పి, ఆ మాట అమలు చేయించగల చోటు లేకపోయింది. మాకు రిజిస్టర్ కావాలని నేను పట్టుబట్టింది అందుకే. ఇప్పటికీ అందుకే పట్టుబడతాను.

నర్సులకు 1947లోనే కేంద్ర చట్టం వచ్చింది. ఫార్మసిస్టులకు, పళ్ల డాక్టర్లకు 1948లో వచ్చింది. ముంబయిలో పోలియో విజృంభించిన 1950ల్లో మన దేశంలో వేళ్లూనుకున్న ఈ వృత్తికి మాత్రం దశాబ్దాలు పట్టింది. ఢిల్లీ 1997లో, ఆ తర్వాత మహారాష్ట్ర సొంత చట్టాలు చేసుకున్నాయి. 2007లో పారామెడికల్, ఫిజియోథెరపీ కౌన్సిళ్ల బిల్లు లోక్‌సభకు వచ్చింది. ఆ సభ కాలం తీరిపోవడంతో బిల్లూ పోయింది. 2018 చివర్లో ఇంకో బిల్లు వచ్చింది, దాన్నీ పక్కనపెట్టి కొత్తది తెచ్చారు. చివరకు 2021 మార్చిలో పార్లమెంటు ఉభయ సభలూ జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల కమిషన్ చట్టాన్ని ఆమోదించాయి. అది ఆ ఏడాది మే 25 నుంచి అమల్లోకి వచ్చింది. ఆరు నెలల్లో రాష్ట్రాలు కౌన్సిళ్లు ఏర్పాటు చేయాలని అందులోనే ఉంది. ఆ గడువు గడిచి ఏళ్లయ్యాక, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కలగజేసుకుని అక్టోబరు 12 లోగా చట్టాన్ని అమలు చేయండని కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఆదేశించాల్సి వచ్చింది. చేసిన చట్టాన్ని అమలు చేయడానికి మళ్లీ కోర్టు చెప్పాలా? ఈ ఆలస్యానికి మూల్యం చెల్లించింది ఆ పిక్క కాలిన పెద్దాయనలాంటి వాళ్లు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఈ చట్టం మీ ఒక్కరి కోసమే కాదు. ఫిజియోథెరపీతో పాటు ల్యాబ్, రేడియాలజీ, ఆపరేషన్ థియేటర్, అనస్తీషియా టెక్నీషియన్లు, కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టులు, డైటీషియన్లు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు, డయాలసిస్ సిబ్బంది, ఇలా పది విభాగాలు ఇందులో ఉన్నాయి. ‘హెల్త్‌కేర్ ప్రొఫెషనల్’ అనిపించుకోవాలంటే మూడు నుంచి ఆరేళ్లలో కనీసం 3,600 గంటల చదువుతో డిగ్రీ ఉండాలి. వారాంతపు తరగతులతో మూడు నెలల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టే సంస్థల బోర్డులు అమీర్‌పేటలో మీరూ చూసే ఉంటారు. ఆ సర్టిఫికెట్ ఈ లెక్కలో ఏ మూలకూ రాదు. రిజిస్టర్లో పేరు లేకుండా ఉందని చెప్పుకుంటే మొదటిసారికి 50,000 రూపాయల దాకా జరిమానా. వృత్తి నియమాలు తప్పినవారి పేరు తొలగించే అధికారం కౌన్సిల్‌కు ఉంది. నా దృష్టిలో చట్టం మొత్తానికి ప్రాణం ఈ తొలగింపు అధికారమే. పేర్లు చేర్చడం మాత్రమే తెలిసిన కౌన్సిల్ ఫీజులు వసూలు చేసే కౌంటరుగా మిగిలిపోతుంది. మీ సంఘం వాళ్లు వినతిపత్రాలు ఇచ్చేటప్పుడు రెండు కోరికలు తప్పకుండా పెట్టమనండి. రిజిస్టర్ ఎవరైనా ఫోనులో వెతుక్కునేలా ఉండాలి. రోగి తెలుగులో ఫిర్యాదు రాస్తే తీసుకోవాలి.

ఇక మీకు ఒరిగేది. నా దగ్గర ఇంటర్న్‌షిప్ చేసిన ఒక అమ్మాయి బ్రిటన్ వెళ్లింది. అక్కడ ఈ వృత్తులకు 1960లోనే చట్టం చేశారు. ఇప్పుడు హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టర్లో పేరు లేనివారు ఫిజియోథెరపిస్టునని చెప్పుకోవడమే నేరం. దరఖాస్తు పెట్టుకున్నప్పుడు “మీ దేశంలో మిమ్మల్ని నమోదు చేసిన సంస్థ ఏది? మీ మీద చర్యలేమైనా ఉన్నాయా?” అని అడిగారట. యూనివర్సిటీ కాగితాలు, ఆసుపత్రి ఉత్తరాలు పట్టుకుని నానా తిప్పలు పడింది. మీకు ఆ తిప్పలు తప్పుతాయి. ఇన్సూరెన్సు కంపెనీ బిల్లు ఒప్పుకోవాలన్నా, పెద్ద ఆసుపత్రి ఉద్యోగంలో చేర్చుకోవాలన్నా ముందు ముందు ఈ నంబరే అడుగుతారు.

150 సంగతికి వస్తే, జనం చౌకకు ఎగబడ్డారని అనుకోకండి. వారి కళ్లకు మీ ఇద్దరి బోర్డులూ ఒక్కలాగే ఉన్నాయి. మరి వారెలా ఎంచుకోవాలి? మీ డిగ్రీ, రిజిస్ట్రేషన్ కాగితం రోగి కూర్చునే కుర్చీకి ఎదురుగా గోడకు పెట్టండి. మొదటి రోజే మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో గోనియోమీటరుతో కొలిచి, చీటీ మీద రాసి చేతికివ్వండి. వారం తర్వాత మళ్లీ కొలిచి పక్కనే రాయండి. 60 నుంచి 85కు వచ్చిందని తన కళ్లతో చూసుకున్న మనిషి కరెంటు పెట్టించుకోవడానికి వీధి చివరికి వెళ్లరు. అన్నట్టు, ఆ సహాయకుణ్ని శత్రువుగా చూడకండి. ఆయన చేతిలో అనుభవం ఉంటుంది. మీలాంటి వారి పర్యవేక్షణలో సహాయకుడిగా ఆయనకు గౌరవంగా పని దొరకాలి. ఫిజియోథెరపిస్టు అన్న బోర్డు మాత్రం దిగాలి.

డాక్టర్ అన్న మాట గురించి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన ఫిజియోథెరపీ పాఠ్యప్రణాళికలో పేరు ముందు డాక్టర్ అని, చివర పీటీ (ఫిజియోథెరపిస్టు) అని రాసుకోవచ్చన్నారు. సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ అది కూడదని లేఖ రాసి, మర్నాడే వెనక్కు తీసుకుంది. వివాదం వివాదంగానే ఉంది. నా మాట అడిగితే, ఆ రెండక్షరాల కోసం మీ శక్తి ఖర్చు చేయకండి. సర్వీసు మొత్తంలో నేను రాసుకోలేదు. పక్షవాతంతో వచ్చి, మళ్లీ తన చేత్తో అన్నం కలుపుకున్న రోగి ఎవరూ నన్ను ఆ మాట అడగలేదు. రాసుకున్నా పీటీ అన్నది అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. గుండెనొప్పితో పరుగున వచ్చిన మనిషి బోర్డు చూసి మీ తలుపు తట్టకూడదు కదా.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్లు. ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాటలు రావు. ఆరు నెలలుగా స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నాం. ఈలోగా ముగ్గురు థెరపిస్టులు మారారు. మీరేం చదివారని కొత్తమ్మాయిని అడిగితే సెంటర్ వాళ్లు నొచ్చుకున్నారు. అలా అడగడం తప్పా అండీ?
– ఒక తల్లి, అల్వాల్

జవాబు: తప్పు కాదమ్మా, మీ హక్కు. అడిగినందుకు నొచ్చుకునే చోట ఇంకోసారి అడగండి.

స్పీచ్ థెరపీకి ఎప్పటినుంచో చట్టం ఉంది. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం ప్రకారం స్పీచ్ థెరపిస్టులు, ఆడియాలజిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులు, ప్రత్యేక విద్య టీచర్లు కేంద్ర రిజిస్టర్లో నమోదు కావాలి. నమోదైనవారికి సీఆర్ఆర్ (కేంద్ర పునరావాస రిజిస్టర్) నంబరు ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకోవాలి. “మీ సీఆర్ఆర్ నంబరు చెప్పండమ్మా” అని నెమ్మదిగా అడిగి రాసుకోండి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. చదివినవారు ఆ నంబరు గడగడా చెప్పేస్తారు. నమోదు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని ఆ చట్టంలో ఉంది. వెయ్యి రూపాయలు! మీ బాబు రెండు మూడు సిట్టింగుల ఫీజు. ఆ అంకె మార్చాలని గొంతెత్తాల్సింది మీలాంటి తల్లిదండ్రులే.

చట్టం మాట అలా ఉంచి బాబు మాట చూద్దాం. వినికిడి పరీక్ష చేయించారా? మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. మాట రాని పిల్లలకు మొట్టమొదట చూడాల్సింది చెవి. పిలిస్తే తిరుగుతున్నాడని ఊరుకోకండి. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలూ తిరుగుతారు. నిద్రలో ఉండగా చేసే బెరా పరీక్షతో సంగతి తేలుతుంది. మీకు దగ్గర్లోనే, బోయిన్‌పల్లి మనోవికాస్‌నగర్‌లో రెండు కేంద్ర సంస్థలున్నాయి. ఒకటి మేధోపరమైన వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ, రెండోది వినికిడి, మాట సమస్యలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం. ఈ వారమే వెళ్లండి. ఉదయాన్నే వెళ్తే మంచిది. బాబు పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలు, ఇప్పటిదాకా చేసిన థెరపీ వివరాలు తీసుకెళ్లండి. థెరపిస్టులు మారిన ప్రతిసారీ మొదటికొస్తోంది కాబట్టి, ఏం చేశారో రాసిన నోటు పుస్తకం ఇమ్మని పాత సెంటర్‌ను గట్టిగా అడగండి.

ప్రశ్న: నేను పారామెడికల్ బోర్డు నుంచి రెండేళ్ల డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసి సంతోష్‌నగర్‌లో ఒక ల్యాబులో పనిచేస్తున్నాను. కొత్త చట్టం వల్ల నా డిప్లొమా చెల్లదని తోటివారు భయపెడుతున్నారు. మళ్లీ డిగ్రీ చేయాలా?
– ల్యాబ్ టెక్నీషియన్, సంతోష్‌నగర్

జవాబు: భయపడకండి బాబూ. కొత్త చట్టంలో రెండు మెట్లున్నాయి. డిగ్రీవారి సంగతి పైన రాశాను. డిప్లొమావారికి ‘అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్’ అన్న గుర్తింపు ఉంది. రెండు నుంచి నాలుగేళ్లలో కనీసం 2,000 గంటల చదువు ఉండాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2006 నాటి చట్టంతో ఏర్పడిన బోర్డు ఇచ్చిన మీ డిప్లొమా, బోర్డు రిజిస్ట్రేషన్ కాగితం, మార్కుల మెమోలు, ఆసుపత్రిలో శిక్షణ పొందినట్టు ఇచ్చిన సర్టిఫికెట్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. గంటల లెక్క అడిగితే చూపించడానికి కాలేజీ నుంచి సిలబస్ కాపీ మీద ముద్ర వేయించుకోండి. చిన్న కాలేజీలు మూతపడుతుంటాయి, ఆ తర్వాత ముద్ర వేసేవారు దొరకరు. డిగ్రీ చేయాలనిపిస్తే పై ఉద్యోగాల కోసం చేయండి, ఈ భయంతో మాత్రం వద్దు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమాని దగ్గర పెట్టామని మీ ఉత్తరం చివర్లో రాశారు. వాటిని వెంటనే వెనక్కు తెచ్చుకోండి. ఉద్యోగానికి జిరాక్సులు చాలు. ఇవ్వనంటే రాతపూర్వకంగా అడిగి, ఆ కాగితం నకలు మీ దగ్గర ఉంచుకుని, కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లండి.