అమెరికాలో కాలేజీ సాఫ్ట్‌బాల్ హెడ్ కోచ్ అవుతానంటున్న మీ అమ్మాయి గురించి

మీరు అడిగింది ఇదీ: అమ్మాయి డివిజన్ త్రీ కాలేజీలో (ఇక్కడ కాలేజీ ఆటల్లో వన్, టూ, త్రీ అని మూడు స్థాయిలు, వన్ అన్నిటికంటే పెద్దది) సాఫ్ట్‌బాల్, అంటే బేస్‌బాల్ లాంటి ఆట, ఆడుతోంది, ఇది చివరి ఏడాది, చేతికి కంప్యూటర్ సైన్స్ డిగ్రీ వస్తోంది, అయినా ఉద్యోగం వద్దు, కోచింగ్‌లోకి వెళ్లి ఎప్పటికైనా ఏదో ఒక కాలేజీకి హెడ్ కోచ్ అవుతానంటోంది, అసలు అదొక కెరీరేనా అని. కెరీరే అండి, మంచి కెరీర్. కానీ ఆ ఉద్యోగంలో ఏం పని ఉంటుందో తెలిసి వెళ్తోందా లేదా అన్నది చూడాలి, ఎందుకంటే బాగా ఆడే అమ్మాయిల్లో చాలామందికి అది తెలియదు.

నేను అనంతపురం వైపు నుంచి వచ్చాను, అక్కడ యూనివర్సిటీ జట్టుకి ఆడాను. ఇక్కడ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎమ్మెస్ చేస్తూ మిడ్‌వెస్ట్‌లో ఒక డివిజన్ టూ కాలేజీ జట్టుకి గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా, ఆ తర్వాత ఇంకో చోట అసిస్టెంట్ కోచ్‌గా పనిచేశాను. హెడ్ కోచ్‌ని కాదు, కానీ బస్సులో, డగౌట్‌లో (గ్రౌండ్ పక్కన జట్టు కూర్చునే చోటు), ఆఫీసులో హెడ్ కోచ్ పక్కనే ఉండి చూసినదాన్ని, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మనకి బయటికి కనిపించేది ఏడు ఇన్నింగ్స్ ఆట. సీజన్ ఫిబ్రవరిలో మొదలై చాలా జట్లకి మేలో అయిపోతుంది, డివిజన్ వన్‌లో అయితే 56 మ్యాచ్‌ల దాకా ఆడొచ్చు. ఆ గంటలన్నీ కలిపినా హెడ్ కోచ్ ఏడాది పనిలో చిన్న భాగమే. మిగతాదంతా మనుషుల పని: ఎవర్ని తీసుకోవాలి, వచ్చినవాళ్లని ఎలా నిలుపుకోవాలి, ఎవరి మార్కులు పడిపోతున్నాయి, ఎవరి ఇంట్లో ఏం జరుగుతోంది, ఎవరు సరిగ్గా తినడం లేదు. జూన్, జూలైలో కొలరాడోలోనూ కాలిఫోర్నియాలోనూ హైస్కూల్ పిల్లల పెద్ద టోర్నమెంట్లు జరుగుతాయి, అక్కడ ఎండలో పొద్దున్నుంచి రాత్రి దాకా కుర్చీ మోసుకుంటూ ఒక గ్రౌండ్ నుంచి ఇంకో గ్రౌండ్‌కి తిరగాలి. మా కోచ్ ఒక అమ్మాయి కొట్టిన హోమ్ రన్ కంటే ఆ అమ్మాయి స్ట్రైకౌట్ (బంతి కొట్టలేక ఔట్) అయ్యాక డగౌట్‌కి ఎలా నడిచి వస్తోందో, తప్పు చేసిన తోటి ప్లేయర్‌తో ఏం మాట్లాడుతోందో, నీళ్ల సీసా తెచ్చిచ్చిన తల్లికి ఎలా జవాబిస్తోందో ఎక్కువ చూసేవారు. డివిజన్ వన్‌లో పదకొండో తరగతి సెప్టెంబర్ 1 దాకా ఆ పిల్లలతో మాట్లాడకూడదని 2018 నుంచి రూల్ ఉంది. అందుకని ఆ అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే కోచ్‌లు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటారు. అంత టెన్షన్ చివరి ఇన్నింగ్స్‌లో కూడా ఉండదు.

ఆ తర్వాత డబ్బు లెక్క. డివిజన్ టూలో సాఫ్ట్‌బాల్‌కి ఒక కాలేజీ ఇవ్వగలిగింది గరిష్ఠంగా 7.2 స్కాలర్‌షిప్పులు, జట్టులో ఉండేది ఇరవై మంది పైచిలుకు. వాటిని ముక్కలు చేసి పంచాలి. ఒకరికి సగం ఫీజు, ఒకరికి పుస్తకాల ఖర్చు, ఒకరికి ఏమీ లేదు. మార్కుల మీద వచ్చే సాయం వేరు కాబట్టి బాగా చదివే అమ్మాయి దొరికితే కోచ్‌కి కొంత వెసులుబాటు, అందుకే హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్‌ని బ్యాటింగ్ వీడియో అంత శ్రద్ధగా చూసేవాళ్లం. మీ అమ్మాయి ఆడుతున్న డివిజన్ త్రీలో ఆట మీద స్కాలర్‌షిప్పే ఉండదు, అంటే అక్కడి కోచ్ డబ్బు ఆశ చూపించకుండానే పిల్లల్ని ఒప్పించాలి. ఆ పని దగ్గర్నుంచి చూసిన అమ్మాయికి రిక్రూటింగ్ ఎలాగుంటుందో కొంత తెలిసే ఉంటుంది, అడిగి చూడండి.

డివిజన్ వన్‌లో పరిస్థితి పూర్తిగా మారిపోయింది. ఇంతకుముందు 12 స్కాలర్‌షిప్పుల హద్దు ఉండేది, 2025లో ప్లేయర్లకి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వొచ్చన్న కోర్టు సెటిల్‌మెంట్ వచ్చాక అందులో చేరిన కాలేజీలకి ఆ హద్దు పోయి, జట్టులో 25 మందికి మించకూడదన్న హద్దు వచ్చింది. కాగితం మీద బాగానే ఉంటుంది, కానీ ఇరవై ఆరో అమ్మాయిని ఆఫీసులో కూర్చోబెట్టి చెప్పాల్సింది హెడ్ కోచే. దానికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే వేరే కాలేజీకి మారాలనుకునే ప్లేయర్లు పేరు నమోదు చేసుకునే జాబితా. నైజారీ కెనడీ అనే పిచ్చర్ (బంతి విసిరే ప్లేయర్) 2024లో స్టాన్‌ఫర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కి మారినప్పుడు పది లక్షల డాలర్లు దాటిన ఒప్పందం కుదిరింది, మరుసటి ఏడాదే టెక్సస్ టెక్ ఫైనల్స్ దాకా వెళ్లి టెక్సస్ చేతిలో ఓడింది. ఒక్క పిచ్చర్‌తో జట్టు రాత అంతగా మారగలిగే ఆట ఇది. కాబట్టి ఇవాళ హెడ్ కోచ్ తన పిల్లల్ని ఏటా మళ్లీ కొత్తగా రిక్రూట్ చేసుకుంటున్నట్టే.

ఆట గురించి కూడా చెప్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. పిచ్చర్ 43 అడుగుల నుంచి కింది చేత్తో విసురుతుంది, బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు, అంటే ఆలోచించుకునే టైమ్ ఎవరికీ ఉండదు. చాలా జట్లలో ఏ బంతి వెయ్యాలో డగౌట్ నుంచి కోచే చెప్తారు. మూడు అంకెలు అరుస్తారు, క్యాచర్ చేతికి కట్టుకున్న కార్డులో ఆ నంబర్ చూసి రైజ్ బాలా (పైకి లేచేది), డ్రాప్ బాలా (కిందికి జారేది), చేంజప్పా (వేగం తగ్గించి వేసేది) అని పిచ్చర్‌కి సైగ చేస్తుంది. ప్రతి బంతీ ఎక్కడ పడింది, బ్యాటర్ ఏం చేసింది అన్నది రాసుకోవడం నా పని. ఆ చార్టులు పెట్టుకుని రాత్రి హోటల్లో కూర్చుని, రేపటి జట్టులో నాలుగో బ్యాటర్ లోపలి బంతికి ఎందుకు తడబడుతోందో తేల్చుకున్నప్పుడు వచ్చే ఆనందం ఇంకే ఉద్యోగంలోనూ నాకు రాలేదు. మీ అమ్మాయి కంప్యూటర్ సైన్స్ వృథా అవుతుందని మీరు బాధపడుతున్నారు కదా, అలా ఏమీ కాదు. బంతి తిరిగే వేగం కొలిచే యంత్రాలు, వీడియో, డేటా అన్నీ ఇప్పుడు మామూలైపోయాయి, వాటిని ప్లేయర్‌కి అర్థమయ్యే మాటల్లో చెప్పగలిగే అసిస్టెంట్లు మాత్రం తక్కువ.

ఇక దారి. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్, అసిస్టెంట్ కోచ్, ఆ తర్వాత చిన్న కాలేజీలో హెడ్ కోచ్, అది మామూలు వరస. పెద్ద పేర్లు కూడా చిన్న చోటే మొదలుపెట్టాయి. ఓక్లహోమా కోచ్ ప్యాటీ గ్యాసో లాంగ్ బీచ్‌లో కమ్యూనిటీ కాలేజీ (డిగ్రీలో మొదటి రెండేళ్లు చదివే కాలేజీ) నుంచి 1995లో అక్కడికి వచ్చింది, అప్పట్లో జట్టు ఆడింది ఊళ్లో ఒక పబ్లిక్ పార్కులో. 2000లో మొదటి టైటిల్, 2021 నుంచి 2024 వరకు వరుసగా నాలుగు, మొత్తం ఎనిమిది. అరిజోనాకి ఎనిమిది టైటిళ్లు తెచ్చిన మైక్ క్యాండ్రియా కూడా ముందు అలాంటి రెండేళ్ల కాలేజీలో కోచే. మిషిగన్‌లో కేరల్ హచిన్స్ 1985 నుంచి 2022 దాకా హెడ్ కోచ్‌గా ఉంది, మొత్తం కెరీర్‌లో 1,707 మ్యాచ్‌లు గెలిచింది. ఆమె తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న బానీ థోల్ అంతకుముందు దాదాపు మూడు దశాబ్దాలు అక్కడే అసిస్టెంట్! ఎవరైనా మూడేళ్లలో హెడ్ కోచ్ అయిపోవచ్చని మీ అమ్మాయికి చెప్పి ఉంటే ఆ మాట పక్కన పెట్టమనండి. అవుతారు, కానీ బడ్జెట్ లేని చిన్న కాలేజీలో, అక్కడ గ్రౌండ్ మీద సున్నం గీతలు గీసేదీ, వర్షం వస్తే టార్ప్ (గ్రౌండ్ మీద కప్పే పట్టా) లాగేదీ హెడ్ కోచే. నాకైతే అది చెడ్డ మొదలు అనిపించదు, సొంతంగా నిర్ణయాలు తీసుకోవడం అక్కడే వస్తుంది.

జీతం దాచకుండా చెప్పాలి. గ్యాసో లాంటివాళ్లకి ఏడాదికి పది లక్షల డాలర్లు దాటుతుంది, కానీ అది శిఖరం. చిన్న కాలేజీల్లో హెడ్ కోచ్ జీతం ఒక ఫ్రెషర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ జీతం కంటే బాగా తక్కువ, అసిస్టెంట్‌కి ఇంకా తక్కువ. ఓడితే, లేదా అథ్లెటిక్ డైరెక్టర్ మారితే కాంట్రాక్టు పొడిగించరు, ఊరు మారాలి. పెళ్లి, పిల్లలు ఎలా అని కూడా రాశారు. కష్టమే, శని ఆదివారాలు ఇంట్లో ఉండదు. అయినా ఇద్దరు కొడుకుల్ని పెంచుకుంటూ ఈ పని చేసిన గ్యాసో జట్టులో ఇప్పుడు కొడుకు జేటీ బ్యాటింగ్ కోచ్. 1972లో అమ్మాయిలకి చదువులోనూ ఆటల్లోనూ సమాన అవకాశాలివ్వాలన్న టైటిల్ నైన్ చట్టం రాకముందు కాలేజీ అమ్మాయిల జట్లకి నూటికి తొంభై మంది ఆడకోచ్‌లే ఉండేవారు, డబ్బు పెరిగాక అన్ని ఆటలూ కలిపి చూస్తే సగం కంటే తగ్గిపోయారు. మీ అమ్మాయిలాంటి పిల్లలు ఈ కుర్చీల్లో కూర్చోవాలని నేను నిజంగా కోరుకుంటున్నాను, అందులో మన తెలుగమ్మాయి అయితే మరీ సంతోషం.

ఇప్పుడు చెయ్యగలిగింది ఏంటంటే, ఈ ఆఖరి సీజన్‌లో ఆడుతూనే వాళ్ల కోచ్‌ని అడిగి రిక్రూటింగ్ మెయిళ్లకి జవాబులు రాసే పని, వచ్చిన హైస్కూల్ పిల్లల్ని క్యాంపస్ తిప్పి చూపించే పని తీసుకోమనండి. ఆ పని చేసి కూడా ఉత్సాహం తగ్గకపోతే మీరు నిశ్చింతగా సరే అనొచ్చు. డిసెంబర్‌లో సాఫ్ట్‌బాల్ కోచ్‌ల సంఘం పెద్ద సమావేశం జరుగుతుంది, అక్కడ పరిచయాలు బాగా పనికొస్తాయి. ఉద్యోగాలు ఎక్కువగా సీజన్ అయ్యాక మే, జూన్‌లో ఖాళీ అవుతాయి కాబట్టి అప్పటికి రెజ్యూమే సిద్ధంగా ఉండాలి. అమ్మాయి ఏ పొజిషన్‌లో ఆడుతుందో మీరు రాయలేదు. పిచ్చరో క్యాచరో అయితే ఆ సంగతి రెజ్యూమేలో మొదటి లైన్‌లోనే పెట్టమనండి, నేను పనిచేసిన రెండు చోట్లా పిచింగ్ నేర్పగలిగే అసిస్టెంట్ దొరక్క ఇబ్బంది పడ్డారు.