లైబ్రరీ సైన్స్ చదివి గూగుల్ పనా?

ప్రశ్న: గుంటూరులో బీఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) చదువుతున్నాను. మా కాలేజీ లైబ్రరీలో పుస్తకాల రికార్డులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ ఉంది. అయినా మా దగ్గరున్న పుస్తకం పేరు గూగుల్‌లో కొడితే అమ్మకాల సైట్లే వస్తాయి, మా లైబ్రరీ రాదు. క్యాటలాగు గూగుల్‌లో కనిపించేలా చేయడం ఒక ఉద్యోగమేనా? నాన్నగారేమో ఇది మానేసి వెబ్ డెవలప్‌మెంట్‌లో చేరమంటున్నారు.

జవాబు: ఆ పేరుతో పోస్టు పడటం నేనైతే చూడలేదు. అసిస్టెంట్ లైబ్రేరియన్, సిస్టమ్స్ లైబ్రేరియన్, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ సపోర్ట్ లాంటి ఉద్యోగాల్లోనే ఈ పనీ కలిసి ఉంటుంది. అందుకని డిగ్రీ మానొద్దు, దానికి ఇది తోడు చేసుకోండి.

మీ లైబ్రరీ ఎందుకు రావడం లేదో ముందు మీరే కనిపెట్టండి. గూగుల్‌లో సైట్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, కోలన్ పెట్టి, మీ ఓప్యాక్ (లైబ్రరీ ఆన్‌లైన్ క్యాటలాగు) అడ్రస్ ఇవ్వండి. ఒక్క పేజీ కూడా రాలేదంటే సెర్చ్ ఇంజిన్ల బాట్లు (పేజీలు చదువుకుంటూ పోయే ప్రోగ్రాములు) ఏవి చూడొచ్చో చెప్పే రోబోట్స్ ఫైలు తెరిచి చూడండి. అందులో ‘డిస్‌ఎలౌ’ పక్కన ఒంటరిగా ఒక స్లాష్ ఉంటే బాట్లకు తలుపు మూసేసినట్టే. పెట్టినవాళ్లను తిట్టుకోకండి. బాట్లు సెర్చ్ లింకులన్నీ వరసగా తెరుస్తూ పోతే చిన్న సర్వర్ చతికిలపడుతుంది మరి. సెర్చ్ పేజీలు మూసి, ఒక్కో పుస్తకానికి ఉండే వివరాల పేజీ తెరిచి ఉంచాలి. గూగుల్ వచ్చి మన సెర్చ్ బాక్సులో పుస్తకం పేరు టైపు చేయదు కదా, దానికి లింకు కావాలి. ఆ లింకుల జాబితాయే సైట్‌మ్యాప్. దాన్ని తయారుచేసే స్క్రిప్టు కోహాలోనే ఉంది.

ఇక స్కీమా డాట్ ఆర్గ్. క్యాటలాగు రికార్డులో 245 నంబరు ఫీల్డ్ అంటే శీర్షిక అని మీకు తెలుసు, గూగుల్‌కేం తెలుసు? ‘ఇది పుస్తకం, ఇది రచయిత పేరు’ అని పేజీలోనే చెప్పే గుర్తులను 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి తెచ్చాయి. 2012లో ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి క్యాటలాగు వరల్డ్‌క్యాట్ వాటిని వాడింది. ఇప్పటి కోహాలో అవి ముందే ఉంటాయి. మీకు కాస్త హెచ్‌టీఎమ్‌ఎల్, లినక్స్ కమాండ్లు, ఎస్‌క్యూఎల్ వస్తే చాలు.

అసలు పని తెలుగు పుస్తకాల దగ్గరుంది. చదివేవారు ‘వ్యవసాయం’ అని తెలుగులో కొడతారు. రికార్డులో ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి, అవీ ‘వ’కు ఒకరు వీ, ఇంకొకరు డబ్ల్యూ. రికార్డులో వేరే లిపి కోసం ఉండే 880 ఫీల్డ్‌లో తెలుగు లిపి చేరిస్తేగానీ చదివేవారు కొట్టిన మాటా, రికార్డూ కలవవు. కొన్నిచోట్ల తెలుగు ఉన్నా ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టింది ఉంటుంది, గూగుల్‌కు అది అర్థంలేని గుర్తుల మూట. ఏ కంప్యూటరైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే. ఉత్త వెబ్ డెవలపర్‌కు ఈ లోపాలు కనపడవు, క్యాటలాగింగ్ చదివిన మీకు కనపడతాయి. నాన్నగారికి చెప్పాల్సింది ఇదే.

అందరూ కొనే నవలకు అమ్మకాల సైట్లను దాటి మీ కాలేజీ పైకి రావడం కల్ల. పాత జిల్లా చరిత్రలు, సావనీర్లు, ఇంకెక్కడా దొరకనివి ఒక 50 ఎంచుకోండి. మీ లైబ్రేరియన్‌గారిని అడిగి వాటి రికార్డులు సరిచేయండి. సరిచేసే ముందు గూగుల్ ఫలితాల స్క్రీన్‌షాట్ ఒకటి, రెండు నెలలయ్యాక ఇంకొకటి తీసి రెజ్యూమెకు జత చేయండి. ఈలోగా ఎంఎల్‌ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ పీజీ) అప్లికేషన్, యూజీసీ నెట్ పరీక్ష ప్రిపరేషన్ మాత్రం ఆపకండి. యూనివర్సిటీ పోస్టులకు మొదట అడిగేది అవే.