దొడోమా వెళ్తున్న అమ్మాయికి

వనపర్తి

చిరంజీవి సుజాతకు పెదనాన్న ఆశీస్సులు.

"మన సుజాత ఆఫ్రికా పోతోంది బావగారూ" అని మీ అమ్మ ఫోనులో చెప్పగానే ముందు గర్వపడ్డాను, ఆ వెంటనే భయపడ్డాను. ఆఫ్రికా ఏమన్నా పక్క మండలమా? 54 దేశాలు! నువ్వు వెళ్లేది టాంజానియాలోని దొడోమాకని, వేరుశనగ పంట పనికని రాబట్టేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ మాట నువ్వే చెబితే నీ సొమ్మేం పోయేది?

టీకాలు వేయించుకో. దోమతెర లేకుండా పడుకోకు. అనుమతి కాగితం లేకుండా విత్తనాలు పెట్టెలో పెట్టుకోకు. భూమధ్యరేఖకు దగ్గర కదా అని మీ అమ్మ పలచని బట్టలే సర్దుతుంది. ఆ ఊరు వెయ్యి మీటర్లకు పైబడిన పీఠభూమి మీద ఉంది, జూన్, జూలైలలో రాత్రిపూట చలి. స్వెట్టరు మరవకు.

ఇక అసలు సంగతి. దొడోమాకు తూర్పున కొంగ్వా ఉంది, మొదటి సెలవు దొరకగానే చూసిరా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్‌లో నూనెలకు కటకట వచ్చింది. తమ ఏలుబడిలోని ఆఫ్రికా ప్రాంతాల్లో, ఎక్కువగా టాంగన్యికాలో (ఇప్పటి టాంజానియా ప్రధాన భూభాగం), మొత్తం 30 లక్షల ఎకరాలకు పైగా వేరుశనగ వేయిద్దామని 1946లో లెక్కలు వేశారు. చూడటానికి వచ్చిన బృందం కొద్ది వారాల్లోనే పని ముగించింది, అందులోనూ చాలావరకు విమానంలోంచి చూసిందే. పైనుంచి నేల ఖాళీగా కనిపించింది. ఎందుకు ఖాళీగా ఉందని అక్కడి గోగో తెగ రైతులను అడిగి ఉంటే చెప్పేవారు. వాళ్లు జొన్న, సజ్జ వేసుకుని పశువులను మేపుకునేది ఊరికే కాదు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఒకే వానకారు, అదీ నమ్మకం లేనిది.

యుద్ధంలో మిగిలిన ట్యాంకులను ట్రాక్టర్లుగా మార్చి తెచ్చారు. అక్కడి లావుపాటి మానుల బావోబాబ్ చెట్లు వాటికి లొంగలేదు. తొలి ఏడాది లక్షన్నర ఎకరాలు అనుకున్నవాళ్లు పదో వంతు కూడా విత్తలేకపోయారు. ఆపైన అది బంకమట్టి నేల, వాన వెలిసి ఎండ కాస్తే ఇటుకలా బిగుస్తుంది. ఊడలు దిగేటప్పుడు నేల గుల్లగా ఉండాలని, కాయ తీసేటప్పుడు చెమ్మ ఉండాలని మన చెలకల్లో ఏ రైతునడిగినా చెబుతాడు. ఒక ఏడు మన చేనూ అలాగే బిగిసింది. మొక్క పీకితే ఆకు చేతికొచ్చింది, కాయ భూమిలోనే ఉండిపోయింది. మీ నాయనమ్మ గునపంతో తవ్వుతుంటే మీ నాన్న బడి మాని కాయలు ఏరాడు. వేరుశనగ అంటే వాడికి ఇప్పటికీ మనసు చేదవుతుంది. నీ ప్రయాణం ఊసెత్తకపోవడం అందుకే, కోపమనుకోకు తల్లీ.

1951లో ఆ పథకాన్ని ఎత్తేశారు. దాదాపు 3.6 కోట్ల పౌండ్లు నేలపాలు. ఆ డబ్బు గురించి వాపోయినంతగా, అడవి కొట్టేసిన నేల ఎవరిదని ఎవరూ వాపోలేదు.

అంతకుముందు జర్మనీవాళ్లు ఏలారు. రైతుల చేత బలవంతంగా పత్తి వేయించారు. 1905లో దక్షిణాన 'మాజి మాజి' అనే తిరుగుబాటు లేచింది. పంటలు తగలబెట్టి దాన్ని అణచివేశారు, యుద్ధం కన్నా ఆ కరువే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకుంది. నువ్వు కొత్త విత్తనం పట్టుకెళ్లినప్పుడు ఏ ముసలాయనైనా అనుమానంగా చూస్తే, చదువురానివాడని తీసిపారేశావో, అంత దూరమూ వచ్చి చెవి మెలిపెడతాను.

నా మరో భయం మనవాళ్ల గురించే. ఋతుపవనాల గాలికి తెరచాపలెత్తి గుజరాతీ వర్తకులు ఏనాడో అక్కడి జాంజిబార్ దీవికి చేరారు. తర్వాత బ్రిటిష్‌వాళ్లు భారతీయులను తమకు కింద, ఆఫ్రికన్లకు పైన నిలబెట్టారు. ఆ ఎడం ఎంత ప్రమాదమో 1972లో ఉగాండాలో తెలిసింది, అక్కడి నియంత ఈదీ అమీన్ మనవాళ్లను 90 రోజుల గడువిచ్చి వెళ్లగొట్టాడు. టాంజానియా ఉగాండా కాదులే. నూటికి పైగా తెగలున్న దేశాన్ని తొలి అధ్యక్షుడు నైరేరే స్వాహిలి భాషతో ఒక్కటి చేశాడు. నువ్వు ముందు అది నేర్చుకో, ఇంగ్లీషుతో ఆఫీసు పని జరుగుతుందేమో గానీ చేను దగ్గర పని జరగదు. మనవాళ్ల మధ్యే గది తీసుకుని, వాళ్లతోనే పండుగలు చేసుకుని తిరిగి రాకు. ఎవరైనా ఉగాలి (మొక్కజొన్న పిండి ముద్ద) పెడితే వద్దనకు, జొన్న గట్క తిని పెరిగినదానివి.

చేరాక మట్టి ఎలా ఉందో, తొలి విత్తుకు అక్కడివాళ్లు ఏ గుర్తు చూస్తారో రాయి. నాకు డబ్బు పంపవద్దు. ఫోను చేసినప్పుడు ముందు మీ నాన్నతో మాట్లాడు, ఆ తర్వాతే నాతో.

ఇట్లు,
మీ పెదనాన్న