పాత పెట్టెకూ కొత్త ల్యాప్‌టాప్‌కూ ఒకే డెస్క్‌టాప్

(ఒడిశా సరిహద్దు జిల్లాల పాఠకుల ఉత్తరాలకు, రాయగడలో కంప్యూటర్ సర్వీసింగ్, శిక్షణ కేంద్రం నడుపుతున్న మా శీర్షిక నిర్వాహకురాలి జవాబులు)

ప్రశ్న: అమ్మా, మా ఇంట్లో 2010లో కొన్న కంప్యూటర్ ఉంది. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, విండోస్ 7. ఆన్ చేసి స్నానం ముగించుకుని వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉంటుంది. తూకానికి వేసేయమని మనవడు పోరు పెడుతున్నాడు. నాకు కావలసింది పత్రికలు చదువుకోవడం, పద్యాలు టైపు చేసుకోవడం, ఎప్పుడైనా ఒక హరికథ వినడం. విండోస్ బదులు లైనక్స్ వేస్తే పనికొస్తుందా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి

జవాబు: మాస్టారూ, అమ్మకండి. మీరు చెప్పిన మూడు పనులకూ ఆ యంత్రం చాలు. అయితే లైనక్స్ వేసినంత మాత్రాన సరిపోదు. మీ కంప్యూటర్ నెమ్మదించడానికి మొదటి కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్కు. తిరిగే పళ్ళెం మీద ముల్లు అటూ ఇటూ కదులుతూ వేలకొద్దీ చిన్న ఫైళ్ళను వెతకాలి, ఆలస్యమంతా అక్కడే. దాని స్థానంలో 120 లేదా 240 జీబీ ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని చిప్పుల డిస్కు, పెట్టించండి. పాత మదర్‌బోర్డులో డిస్కు తగిలించే సాటా పోర్టు దాని పూర్తి వేగాన్ని అందుకోలేకపోయినా మీకు తేడా మొదటి రోజే తెలుస్తుంది. బోర్డు ఒప్పుకుంటే ర్యామ్ 4 జీబీ చేయించండి. డీడీఆర్2 ర్యామ్ కొత్తది కొననవసరం లేదు, సర్వీసు షాపుల్లో వాడినది దొరుకుతుంది. పెట్టె విప్పించినప్పుడే ప్రాసెసర్ మీది ఫ్యాన్ తీయించి, కింద ఉన్న అల్యూమినియం రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము దులిపించండి. అక్కడ దుమ్ము పొరలా అంటుకుపోయి గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కి తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. ఆ మందగతికి ఏ సాఫ్ట్‌వేరూ మందు కాదు.

మీ విండోస్‌లో '32 బిట్' అని కనిపిస్తుందేమో, దాన్ని చూసి కంగారు పడకండి. అది విండోస్ సంగతి చెబుతుంది, ప్రాసెసర్ సంగతి కాదు. కోర్ 2 డ్యుయో 64 బిట్ ప్రాసెసరే. నిజంగా 32 బిట్‌కే పరిమితమైనవి ఆటమ్ ఎన్270 ఉన్న పాత నెట్‌బుక్కుల వంటివి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లైనక్స్ రకం అలాంటి యంత్రాలకు ఇన్‌స్టాలర్ ఇవ్వడం మానేసింది కాబట్టి వాటికి యాంటీఎక్స్ వంటి మరో రకం చూసుకోవాలి. మీకు ఆ ఇబ్బంది లేదు. డెబియన్ 13లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్, అంటే తెర మీద కనిపించే మెనూలు, కిటికీల ఏర్పాటు, ఎంచుకోండి. లేదా లైనక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకోండి. మొదటిసారి వాడేవారికి మింట్ కాస్త చనువుగా ఉంటుంది.

వేశాక మూడు పనులు చేయించండి. 'సెషన్ అండ్ స్టార్టప్' తెరిచి, బ్లూటూత్ వంటి మీకు అక్కరలేనివి యంత్రం ఆన్ కాగానే మొదలు కాకుండా టిక్కు తీసేయించండి. 'విండో మేనేజర్ ట్వీక్స్'లో కంపోజిటర్ ఆపేయించండి, కిటికీల నీడలు పోతాయి, అంతకుమించి నష్టం లేదు. మూడోది జడ్‌ర్యామ్. ర్యామ్‌లో ఒక భాగాన్ని కుదించి నిల్వచేసే ఏర్పాటు ఇది. 2 జీబీ యంత్రం ఊపిరి పీల్చుకునేది దీనివల్లే.

ఇంత చేసినా బ్రౌజర్ దగ్గర జాగ్రత్త తప్పదు. తేలికపాటి డెస్క్‌టాప్ ఏమీ తెరవనప్పుడు తీసుకునేది సుమారు అర జీబీ. వార్తల సైట్లు నాలుగు తెరిస్తే ప్రకటనలతో కలిపి అంతకు మించి లాగేస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో ప్రకటనలను ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేసుకోండి, చదవడం అయిపోయిన ట్యాబులు మూసేయండి. హరికథ వీడియో ఆగి ఆగి వస్తే వీడియో నాణ్యతను 480పీకి తగ్గించండి. యూట్యూబ్ ఇప్పుడు పంపే వీడియో రూపాలను విప్పే చిప్పు మీ కంప్యూటర్‌లో లేదు, ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

ప్రశ్న: అక్కా నమస్తే. నాది జిరాక్స్, డీటీపీ షాపు. మూడు కంప్యూటర్లూ నాలుగో తరం ఐ3లు, విండోస్ 10. విండోస్ 11 వాటికి ఎక్కదని చెప్పారు. తెలుగు, ఒడియా రెండూ టైపు చేయాలి. అను ఫాంట్లలో చేసిన పాత పెళ్ళి శుభలేఖలు వందల్లో ఉన్నాయి. లైనక్స్‌కు మారితే నా షాపు నడుస్తుందా?
— గుణుపురం

జవాబు: తమ్ముడూ, రెండింటిని మార్చు, ఒకదాన్ని అలాగే ఉంచు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ఆపేసింది. విండోస్ 11 ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి అడుగుతుంది, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా కావాలి. నాలుగో తరం ఐ3 అంటే పాడైన యంత్రం కాదు. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ దాని మీద హాయిగా పరుగెడుతుంది.

నీ ఉత్తరంలో నాకు బాగా నచ్చింది రెండు భాషల టైపింగ్ మాట. మన సరిహద్దు షాపులకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఒక వరం, కాని ఎందుకో మనవాళ్ళు దాని జోలికి పోరు. భారతీయ లిపులన్నింటికీ ఒకే అమరిక అది. ఎడమచేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతి వైపు హల్లులు. ఇంగ్లీషు కె అక్షరం ఉన్న మీట తెలుగులో క, ఒడియాలోనూ క. హెచ్ మీట ప, జె మీట ర, ఎల్ మీట త. కె, ఇ, కె, ఎఫ్ వరుసగా నొక్కితే తెలుగులో 'కాకి' అని పడుతుంది. భాష మార్చి అవే నాలుగు మీటలు నొక్కు, అదే శబ్దం ఒడియా లిపిలో పడుతుంది. ఒక భాషలో వేళ్ళు అలవాటు పడితే రెండోది ఉచితంగా వచ్చినట్టే.

దీనికోసం వేరే సాఫ్ట్‌వేర్ కూడా అక్కరలేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ కీబోర్డు సెట్టింగుల్లో 'లేఅవుట్' విభాగానికి వెళ్ళి, 'సిస్టమ్ డిఫాల్ట్స్' టిక్కు తీసేసి, తెలుగునూ ఒడియానూ చేర్చి, భాష మార్చే మీట ఒకటి ఎంచుకో. తమ్ముడూ, 'అమ్మ' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటే కావాలంటే ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్లు వేసుకోవచ్చు, కాని రోజంతా టైపు చేసేవాడికి నేను ఇన్‌స్క్రిప్టే చెబుతాను. తెలుగు అదనపు ఫాంట్ల ప్యాకేజీ వేస్తే పోతన, వేమన ఫాంట్లు కూడా వస్తాయి. నోటో ఫాంట్లు కూడా వేసుకో. మీ గుణుపురం వైపు సవరలు ఎక్కువ కదా, వాళ్ళ సొరంగ్ సొంపెంగ్ లిపికి 2012లోనే ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేత పట్టిక అయిన యూనికోడ్‌లో చోటు దక్కింది. నోటోలో దానికీ ఫాంటు ఉంది. ఎవరైనా ఆ లిపిలో కరపత్రం అడిగితే వెనక్కి పంపకు.

ఇక ఒక యంత్రాన్ని ఎందుకు ఉంచమన్నానంటే, అను ఫాంట్లతో చేసినవి యూనికోడ్ కావు. మరోచోట తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఆ శుభలేఖల కోసం విండోస్ కంప్యూటర్ ఒకటి నెట్ కనెక్షన్ తీసేసి ఉంచుకో. కొత్త పని మాత్రం యూనికోడ్‌లో మొదలుపెట్టు. ఉత్తరాలు, దరఖాస్తులకు లిబ్రేఆఫీస్ చాలు. పేజీలు కట్టడానికి స్క్రైబస్ ఉంది. 2024లో వచ్చిన 1.6 నుంచి అందులో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయి.

ప్రింటర్ సంగతి మాత్రం మారకముందే చూసుకో. కొత్తగా వచ్చే నెట్‌వర్కు ప్రింటర్లలో చాలావాటికి డ్రైవరు కూడా అక్కరలేదు. పాత చిన్న లేజర్ ప్రింటర్లలో కొన్ని తమ కంపెనీ సొంత భాష తప్ప వినవు, కెనాన్ వారి 'కాప్ట్' పద్ధతివి అలాంటివే. పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్‌ను లైవ్‌గా, అంటే డిస్కులో వేయకుండానే, నడిపి, నీ ప్రింటర్‌లో ఒక్క పేజీ తీసి చూడు. పేజీ వచ్చాకే డిస్కు ముట్టుకో.

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను, 16 జీబీ ర్యామ్. మీరు చెప్పే తేలికపాటి డెస్క్‌టాప్ దీని మీద వేస్తానంటే హాస్టల్‌లో స్నేహితులు నవ్వుతున్నారు. మంచి యంత్రానికి పాతకాలపు ముఖం ఎందుకంటున్నారు. నిజంగా తప్పా, మేడం?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, బరంపురం

జవాబు: తప్పేమీ లేదమ్మా. తేలికపాటి డెస్క్‌టాప్ పేదవాడి సర్దుబాటు అనే మాట నాకు గిట్టదు. ర్యామ్ నువ్వు డబ్బు పెట్టి కొన్నావు, అది నీ పనికి ఖర్చు కావాలి. వర్చువల్ మెషీన్ నడిపేటప్పుడో పెద్ద ప్రోగ్రాము కంపైల్ చేసేటప్పుడో ఆ మిగులు విలువ తెలుస్తుంది.

దానికన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. ఎక్స్‌ఎఫ్‌సీఈని 1996లో ఒలివియే ఫూర్దాన్ మొదలుపెట్టారు, 4.20 రూపం వచ్చింది 2024 డిసెంబరులో. ఇన్నేళ్ళలో అది మారుతూనే ఉంది కాని, వాడేవాళ్ళ చేతి అలవాటును చెరిపేసే మార్పులు అరుదు. ఇంట్లో నాన్నగారి పాత కంప్యూటర్‌లోనూ నీ కొత్తదానిలోనూ ఒకే మెనూ, ఒకే ప్యానెల్, ఒకే షార్ట్‌కట్లు ఉంటే, ఆయన ఫోన్ చేసి అడిగినప్పుడు నువ్వు చూడకుండానే దారి చెప్పగలవు. మా కేంద్రంలో పాతవాటి మీదా కొత్తవాటి మీదా నేను ఒకటే డెస్క్‌టాప్ ఉంచుతాను. పిల్లలు ఏ కుర్చీలో కూర్చున్నా పాఠం ఆగదు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. నీ ల్యాప్‌టాప్ తెర చాలా సాంద్రమైనదైతే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. ఎక్స్‌ఎఫ్‌సీఈ రెండింతలు చేయడం బాగా చేస్తుంది, ఒకటిన్నర రెట్లు అంటే మాత్రం తడబడుతుంది. అప్పుడు ఫాంట్ల డీపీఐ (అక్షరాల కొలత సెట్టింగు) పెంచి సర్దుకోవాలి. తెర మీద కిటికీలను చూపే కొత్త పద్ధతి అయిన వేలాండ్‌కు మద్దతు 4.20లో ఇంకా ప్రయోగదశలోనే ఉంది. టచ్‌ప్యాడ్ మీద మూడు వేళ్ళ విన్యాసాలూ, రెండు తెరలకు రెండు వేర్వేరు కొలతలూ నీకు తప్పనిసరైతే కేడీఈ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్ వాడు. నీ దగ్గర 16 జీబీ ఉంది, అది కూడా సుఖంగా నడుస్తుంది.

ఇన్‌స్టాల్ చేసే ముందు విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడు. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మనం చేయకుండానే ఆన్ అయి ఉంటుంది. ఆ రికవరీ కీని కాగితం మీద రాసి దాచుకో. గుర్తింపు సంతకం ఉన్న సిస్టమ్‌నే మొదలవనిచ్చే సెక్యూర్ బూట్ ఆపనవసరం లేదు, డెబియన్ 2019 నుంచి దానితో కలిసే పనిచేస్తోంది. యంత్రం మరీ కొత్తదై వైఫై కనిపించకపోతే డెబియన్ బ్యాక్‌పోర్ట్స్ (కొత్త రూపాల భాండారం) నుంచి కొత్త కెర్నల్ (లైనక్స్ మూలభాగం) వేసి చూడు.

ప్రశ్న: మీరు అందరినీ లైనక్స్‌కు రమ్మంటారు. నేను టాలీలో లెక్కలు రాస్తాను, వేలిముద్రతో బ్యాంకు డబ్బు ఇచ్చే కేంద్రం కూడా నడుపుతాను. నా సంగతేమిటి?
— జయపురం

జవాబు: మీరు మారవద్దు, అన్నయ్యగారూ. టాలీ విండోస్ కోసం చేసినది. వేలిముద్ర పరికరాలను నడిపే ఆర్‌డీ సర్వీసు అనే సాఫ్ట్‌వేర్‌ను కంపెనీలు ఎక్కువగా విండోస్‌కూ ఆండ్రాయిడ్‌కూ ఇస్తాయి. దాని మీద మీ అన్నం ఉంది. పాత యంత్రం ఒకటి పక్కన పడి ఉంటే పిల్లల చదువుకు దాన్ని లైనక్స్ చేయండి, వ్యాపారం జోలికి పోవద్దు.

ప్రశ్న: అక్కా, పాత కంప్యూటర్‌లో మింట్ వేశాను. టెర్మినల్‌లో 'ఫ్రీ' అని కొడితే 4 జీబీలో 200 ఎంబీ కూడా ఖాళీ లేదంటోంది. పైగా రోజూ ఉదయం ఏ సైటు తెరిచినా 'సర్టిఫికెట్ చెల్లదు' అంటోంది. తేలిక అంటే ఇదేనా?
— కాశీనగరం

జవాబు: రెండూ వేర్వేరు విషయాలు. ర్యామ్ నిండలేదు. వాడకంలో లేని ర్యామ్‌లో ఇంతకుముందు చదివిన ఫైళ్ళను లైనక్స్ దాచిపెడుతుంది, అవసరం రాగానే ఖాళీ చేస్తుంది. నువ్వు చూడవలసింది 'ఫ్రీ' గడి కాదు, చివరి 'అవైలబుల్' గడి.

రెండోదానికి కారణం మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే సీఆర్2032 బ్యాటరీ అయి ఉంటుంది. అది అయిపోతే రాత్రి కరెంటు తీసేసిన ప్రతిసారీ గడియారం ఎన్నో ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతుంది, ఆ తేదీకి సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టి ఉండవు. ప్లగ్గు తీసి, బ్యాటరీ మార్చి, యంత్రం మొదలయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లో తేదీ, సమయం సరిచేసి సేవ్ చేయి. ఆ తర్వాత కూడా అదే మాట అంటే మళ్ళీ రాయి.